కింద రెండు గీతలు

హన్మాండ్లు చేతిరాత ముందు అచ్చక్షరాలు దిగదుడుపే అని బోధన్‌లో పాతవాళ్లు ఇప్పటికీ ఒప్పుకుంటారు. చక్కెర ఫ్యాక్టరీ టైమాఫీసులో ఆయన ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. హాజరీ పట్టీలు, షిఫ్టు మార్పులు, సంజాయిషీ నోటీసులు, అన్నీ ఇంగ్లీషులోనే. ఆయన ఇంగ్లీషు మాట్లాడగా విన్నవాళ్లు లేరుగానీ రాయగా చూసినవాళ్లు ఊరినిండా ఉన్నారు. రాసిన ప్రతి కాగితం అడుగునా, తేదీ కింద, స్కేలు పెట్టి రెండు గీతలు గీసేవాడు. ఒక్క గీత ఎవడైనా గీస్తాడు, రెండు గీతలుంటేనే అది ఆఫీసు కాగితం అని ఆయన నమ్మకం. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ నమ్మకం అలాగే ముదిరిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లు దాటింది. చెరుకు బండ్లు వరుసకట్టే రోడ్డు మీద ఇప్పుడు వడ్లు ఆరబోస్తున్నారు. హన్మాండ్లు కొన్నాళ్లు జిరాక్సు దుకాణం ముందు కూర్చుని జనానికి దరఖాస్తులు నింపిపెట్టాడు. అందరూ ఫోన్లలోనే నింపుకోవడం మొదలయ్యాక అదీ పోయింది. అరవై నిండాయి, మోకాళ్లు మొరాయించాయి. మనిషి ఊరికే కూర్చోవడం ఒక బాధ అయితే, వచ్చిన ఇంగ్లీషు ఊరికే కూర్చోవడం ఆయనకు అంతకంటే పెద్ద బాధ.

రాకాసిపేటలో ఆయన అద్దెకుండే కాంపౌండులో కిందా మీదా కలిపి ఎనిమిది గదులు. అందరికీ ఒకటే నల్లా, ఒకటే మోటరు, మిద్దె మీద ఒకటే టాంకి, గేటు పక్కనుంచి మురుగునీళ్లు బయటికి పోయే ఒకటే మోరి. అన్నీ ఒకటేసి ఉన్నచోట ఎనిమిది ఇళ్లవాళ్లు సాగాలంటే వంతులుండాలి. వంతులున్నచోట తప్పేవాళ్లూ ఉంటారు. ధర్మాబాద్ నుంచి వచ్చిన మరాఠీవాళ్లు మోటరు వేసి మరిచిపోయేవారు. పైగదిలో ఉండే కేరళ నర్సు జిన్సీ మెట్లు ఊడ్చే రోజును మరిచిపోయేది. మూలగదిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న భూమవ్వ బీడీలు చుట్టేది. ఆమె కత్తిరించి పారేసిన తునికాకు ముక్కలు నీళ్లతో పాటు కొట్టుకుపోయి మోరికి అడ్డం పడేవి. టాంకి కడగడం హన్మాండ్లు వంతు. ఆ పని ఆయన ఎన్నాళ్లుగా చెయ్యలేదో ఇప్పుడే చెప్పి ఆయన పరువు తియ్యడం ఎందుకు, తర్వాత ఎలాగూ బయటపడుతుంది.

ఓనరు నిజామాబాద్‌లో ఉంటాడు. ఆయనకు ఒంట్లో బాగుండక కాంపౌండు సంగతులన్నీ కోడలు నవత చూస్తోంది. ఒక ఆదివారం పొద్దున ఆమె వచ్చి గేటులో కాలు పెట్టగానే మోరి నీళ్లలో చెప్పు మునిగింది. పాపం, ఎవరి మీదా అరవలేదు. చెప్పు కడుక్కుని హన్మాండ్లు దగ్గరికి వచ్చి కూర్చుంది.

“అంకుల్, మీకు ఇంగ్లీష్ మంచిగ వస్తది కదా. చిన్న చిన్న నోట్స్ రాసి పెట్టరాదు? తెలుగుల రాస్తే జిన్సీకి రాదు, మరాఠోళ్లకు రాదు. మా అపార్ట్‌మెంట్ల గట్లనే పెడ్తరు. కాకపోతే పొలైట్‌గ రాయాలె అంకుల్, మనసుకు ఎవ్వరు తీస్కోవద్దు.”

ఇందులో హన్మాండ్లు చెవిన పడ్డది మొదటి మాటొక్కటే. ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషి తనంతట తాను వచ్చి ఆయన ఇంగ్లీషును పనికి పిలిచింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. పెట్టె అడుగున ఉన్న స్కేలు వెతికి తీశాడు, నల్ల ఇంకు పెన్ను కొనుక్కొచ్చాడు, సుద్దముక్కతో ఎనిమిది తలుపుల మీదా ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేశాడు. అప్పటిదాకా ఆ గదులకు మనుషుల పేర్లే తప్ప నంబర్లు లేవు.

ఆయన భార్య గంగామణి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా చూసింది.

“గా ముచ్చట నోటితోని చెప్తే ఏమైతది? పక్కింటోళ్లకు ఉత్తరాలు రాస్తవా?”

“నీకు తెల్వది ఊకో. నోటి మాటకు రికార్డు ఉండది.”

“నీ రికార్డు సల్లగుండ,” అంది గంగామణి, చిక్కుడుకాయల మీదినుంచి తలెత్తకుండానే.

మొదటి నోటు మోటరు గోడ మీద పడింది. “ఇట్ ఈజ్ హియర్‌బై నోటిఫైడ్” అని మొదలై, ఉల్లంఘించినవారు తగిన చర్యకు బాధ్యులవుతారని ముగిసింది. జిన్సీ దాన్ని ఫోటో తీసి నవతకు పంపింది. నవత వెంటనే ఫోన్ చేసి, “అంకుల్, గిది పోలీస్ నోటీస్ లెక్కున్నది. జర పొలైట్‌గ...” అంది. హన్మాండ్లు ఆలోచించాడు. పొలైట్ అంటే ఏముంది, హియర్‌బై తీసేసి కైండ్లీ పెడితే సరి. కైండ్లీ అనేది ఉప్పులాంటిదని, దేంట్లో వేసినా రుచి అదే వస్తుందని ఆయన అనుకున్నాడు. రెండో నోటులో ఐదు కైండ్లీలు పడ్డాయి. తేదీ కింద రెండు గీతలు మాత్రం అలాగే పడ్డాయి.

చిత్రమేమిటంటే నోట్లు పనిచేశాయి. మోటరు వేళకు ఆగడం మొదలైంది. జిన్సీ మెట్లు ఊడ్చి, కిందకు దిగి, “గుడ్ ఇంగ్లీష్, అంకుల్” అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం కొంటెతనం ఉందని గంగామణికి అర్థమైందిగానీ హన్మాండ్లుకు కాలేదు. ఆయన వీధిలో నడిచే తీరు కూడా మారింది. చేతులు వెనక్కి కట్టుకుని, టైమాఫీసు రోజుల్లోలాగా నడిచేవాడు.

ఇక మిగిలింది మోరి.

శుక్రవారం సాయంత్రం భూమవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు ఆయన ఆ కాగితం ఆమె తలుపుకు అంటించాడు. టు, ది ఆక్యుపెంట్, రూమ్ నంబర్ సిక్స్. యు ఆర్ కైండ్లీ రిమైండెడ్ టు క్లియర్ ద లీఫ్ వేస్ట్ ఫ్రమ్ ద డ్రెయిన్ ఆన్ ఆర్ బిఫోర్ సండే. కింద తేదీ, తేదీ కింద రెండు గీతలు. ఎల్లుండి ఆదివారమే అనుకోకుండా ఉండాలని ఆపై ఆదివారం తేదీ కూడా వేసి, తొమ్మిది రోజుల గడువిచ్చినందుకు తన మంచితనాన్ని తానే మెచ్చుకున్నాడు. మరునాడు పొద్దున్నే గంగామణితో కలిసి రుద్రూర్‌లో మరదలి కొడుకు పెళ్లికి పోయాడు. మూడు రోజులు అక్కడే ఉన్నారు.

తిరిగి వచ్చేసరికి వాళ్ల తలుపు గొళ్లానికి ఒక తాళంచెవి వేలాడుతోంది. ఎర్రదారం కట్టిన తాళంచెవి. అది ఎవరిదో చెప్పే పని లేదు, ముప్పై ఏళ్లుగా ఆ ఎర్రదారం భూమవ్వ నడుముకే ఉండేది.

గంగామణి పరుగున మూలగదికి పోయి చూసింది. మంచం ఉంది. పొయ్యి చల్లారి ఉంది. బీడీల చాట లేదు, కత్తెర లేదు, గూట్లో కాశయ్య ఫోటో లేదు. కాశయ్య భూమవ్వ పెనిమిటి, ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసినవాడు. అది మూతపడ్డ నాలుగేళ్లకు పోయాడు. ఫోటో తీసుకుపోయిందంటే ఊరికి చుట్టపుచూపుగా పోలేదని అర్థం.

జిన్సీ మెట్లు దిగి వచ్చింది. ఆసుపత్రిలో నేర్చుకున్న తెలుగుతోనే ఆమె ఇక్కడ నెట్టుకొస్తోంది. నొప్పి ఉందా, మందు వేసుకున్నారా, బెడ్ ఖాళీ అయింది, ఇంతే ఆ తెలుగు.

“అంకుల్, అమ్మ పోయింది. బ్యాగ్. బస్. నేను వద్దు వద్దు చెప్పాను.”

“ఎందుకు పోయింది బిడ్డా?”

జిన్సీ చెప్పినదాన్ని గంగామణి ఒక్కో ముక్కా ఏరి కలుపుకుంది. శనివారం భూమవ్వ ఆ కాగితం తెచ్చి చదవమంది. జిన్సీకి డ్రెయిన్‌ను తెలుగులో ఏమంటారో తెలియదు. ఆకునూ చెత్తనూ ఏమంటారో తెలియదు. క్లియర్ అంటే మాత్రం తెలుసు, బెడ్ క్లియర్ చెయ్యడమంటే ఖాళీ చెయ్యడమే కదా. అందుకని, “అమ్మా, ఆదివారం లోపల ఖాళీ చెయ్యాలి” అని చెప్పి, ఎక్కడో తెలియడానికి మోరి వైపు వేలు చూపించింది. మోరి గేటు పక్కనే ఉంది. భూమవ్వకు మోరి కనపడలేదు, గేటు కనపడింది.

“రాంగ్ చెప్పానా, అంకుల్?” అంది జిన్సీ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తప్పు నీది గాదు బిడ్డా,” అని గంగామణి ఆ పిల్ల వీపు నిమిరి, మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకు హన్మాండ్లు గోడకు ఆనుకున్నాడు. “నోటి మాటకు రికార్డు ఉండదంటివి. ఇప్పుడు ఉన్నదా రికార్డు? మంచిగున్నదా?”

భూమవ్వ కందకుర్తిలో మేనల్లుడు లింబయ్య ఇంటికి పోయి ఉంటుందని వాళ్లకు తెలుసు, ఆమెకు వేరే దిక్కు లేదు. ఫోన్ చేస్తే లింబయ్యే ఎత్తాడు. అత్త మాట్లాడనంటోందని, రెండు గదుల ఇంట్లో ఐదుగురున్నా ఆమెకో మూల ఇచ్చామని చెప్పాడు. మంచివాడే, కాని ఆ గొంతులో ఇబ్బంది కూడా ఉంది. అక్కడ బీడీల కార్ఖానా లేదు. తీసుకుపోయిన ఆకు అయిపోయిందంటే ఆమెకు చెయ్యడానికి పని లేదు, ఒకరి ఇంట్లో ఒకరి చేతికింద తినాలి. ముప్పై ఏళ్లు తన తాళం తానే వేసుకుని తానే తీసుకున్న మనిషి.

హన్మాండ్లు నవతకు ఫోన్ చేశాడు. తాళంచెవి ఇచ్చిపోయిందన్న మాట అప్పటికే మరాఠీవాళ్ల ద్వారా ఆమెకు అందింది. గది చూడటానికి ఆదివారం ఎవరినో రమ్మని కూడా చెప్పేసింది. అసలు సంగతి విని ఆమె కూడా నొచ్చుకుంది.

“అయ్యో, నేను అంటే ఇట్లయితదనుకోలే. అవ్వ వస్తనంటే రూము అవ్వదే అంకుల్. గని ఆదివారం లోపల చెప్పుండ్రి. వచ్చేటోళ్లకు నేను ఏదో ఒకటి చెప్పాలె గదా.”

గడువు పెట్టినవాడికే గడువు వచ్చి మెడకు చుట్టుకుంది. గురువారం పొద్దున హన్మాండ్లు ఎర్రదారం తాళంచెవి జేబులో వేసుకుని రెంజల్ మీదుగా పోయే బస్సెక్కాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. చిత్రంగా ప్రతి మాటా ఆయన మనసులో ఇంగ్లీషులోనే వచ్చింది. విత్ రిఫరెన్స్ టు ద అబవ్. ఆయనకు తన మీద తనకే చిరాకు పుట్టింది.

కందకుర్తి దగ్గర నది నిండుగా ఉంది. స్నానాలకు వచ్చినవాళ్లు తడిబట్టలతో ఎదురయ్యారు. లింబయ్య ఇల్లు నదికి పోయే దారిలోనే. భూమవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు కట్ట గుప్పెడు మాత్రమే మిగిలి ఉంది. ఆయనను చూసి ఆమె చెయ్యి ఆపలేదు.

“వచ్చినవా తమ్మీ. కూసో. తాళంచెయ్యి దొరికిందా?”

“దొరికింది అక్కా. మల్ల నీకే ఇద్దామని వచ్చిన.”

“నాకెందుకు? ఖాళీ చెయ్యమన్నరు, చేసిన. ఆదివారం దాక ఉండి గెంటిచ్చుకునుడు నాకు పద్ధతి గాదు.”

“ఎవ్వరు ఖాళీ చెయ్యమనలేదక్కా. గా కాగితం మోరి గురించి. గా పిల్లకు తెలుగు రాక గట్ల చెప్పింది. మోరిల ఆకుముక్కలు తియ్యమని రాసిన, గంతే.”

భూమవ్వ చెయ్యి ఆగింది.

“మోరా?”

“మోరే.”

“మోరి సాఫ్ చెయ్యమని గంత పెద్ద కాగితమా?” భూమవ్వ ఆయన ముఖంలోకి చూసింది. “ముప్పై ఏండ్ల సంది ‘అక్కా, మోరి నిండింది, జర సూడు’ అంటుంటివి. నేను కట్టె వట్టుకొని వస్తుంటి. మొన్న ఏమైంది తమ్మీ, నోరు పడిపోయిందా?”

“నవతమ్మ మర్యాదగ రాయమన్నది అక్కా. మనసుకు ఎవ్వరు తీస్కోవద్దని...”

“గిదా మర్యాద?”

భూమవ్వ లేచి లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోంచి రెండు కాగితాలు తీసి ఆయన ముందు పక్కపక్కన పరిచింది. ఒకటి మొన్నటిది. ఇంకొకటి పాతది, మడతల దగ్గర చిరిగి, పసుపుపచ్చబడింది. ఫ్యాక్టరీ మూసేసిన రోజు పనివాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చిన కాగితం. మాటలు అచ్చువేసినవి. పేరూ టోకెన్ నంబరూ మాత్రం చేత్తో రాసినవి, అందమైన నల్ల ఇంకు అక్షరాలతో. ఎం. కాశయ్య. అడుగున తేదీ, తేదీ కింద రెండు గీతలు.

“నాకు సదువు రాదు,” అంది భూమవ్వ. “గని నీ గీతలు నాకెర్క. గా నాడు మా ఆయన గిది తెచ్చి నా ముంగట ఏసి, ఏం మాట్లాడకుంట మంచంల పన్నడు. మొన్న నా తలుపు మీద మల్ల గవే గీతలు కనవడె. గా పిల్లతోని సదివిచ్చిన గని, సదవకముందే నాకు సమజైపోయింది.”

హన్మాండ్లు రెండు కాగితాలూ చూశాడు. గీతల మధ్య ఎడం కూడా సమానంగా ఉంది. ఇరవై ఆరేళ్లు ఆ గీతలను చూసుకుని ఆయన మురిసిపోయాడు. అవి ఎవరి ఇంట్లో ఎలా దిగబడ్డాయో ఒక్కనాడూ ఆలోచించలేదు.

“గా నాడు ఆరు వందల కాగితాలు రాసిన అక్కా,” అన్నాడు. “మూడు రోజులు కూసోని రాసిన. ఆఖరిది నాదే. నా పేరు నేనే రాసుకొని, కింద గీతలు గూడ నేనే గీసుకున్న.”

భూమవ్వ పాత కాగితం మీదినుంచి తలెత్తింది. “గంగామణి ఎన్నడు చెప్పలే.”

“గంగామణికి గూడ తెల్వది.”

నది వైపునుంచి ఎవరో పిల్లలను కేకలేసి పిలుస్తున్నారు. భూమవ్వ ఆయనకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, మళ్లీ కొత్త కాగితం మీద వేలు పెట్టింది.

“గా కాగితంల మా ఆయన పేరన్న ఉండె. దీంట్ల నా పేరు ఏడున్నది, సూపెట్టు.”

హన్మాండ్లు ఆక్యుపెంట్ దగ్గర వేలు పెట్టబోయి తీసేశాడు. “పేరు రాయలే అక్కా. ఆరో నంబరు అని రాసిన.”

“ఆరో నంబరు ఎవ్వరు?”

“నువ్వే.”

“గా నంబరు ఎవ్వరు వెట్టిండ్రు?”

“నేనే.”

“ముప్పై ఏండ్లు పక్కపక్కన ఉంటిమి. నీ కొడుకు పుడితె మొదలు ఎత్తుకున్నది నేను. నా పేరు రాయనీకి నీకు ఇంకు సాలలేదా తమ్మీ?”

ఈ మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడు. చేతులు జోడించబోతే ఆమె వాటిని పట్టుకుని కిందకు దించింది.

“తప్పైందక్కా. రా పోదాం. ఆదివారం గది సూడనీకి ఎవ్వరో వస్తున్నరు. గాళ్ల ముంగట నీ తాళం ఉండాలె.”

భూమవ్వ మిగిలిన ఆకు వైపు చూసింది, లోపల ఒకరి మీద ఒకరు పడుతున్న పిల్లల చప్పుడు వింది. ఆమె ముఖంలో ఏదో కొంటెతనం తొంగిచూసింది.

“వస్త. గని ఒక్కటి. నేను గూడ నీకు ఒక నోటీసు ఇస్త. నేను చెప్త, నువ్వు రాయి. ఇంగ్లీష్‌లనే. తీస్కపోయి నీ తలుపుకు అంటియ్యాలె, ఎనిమిది ఇండ్లోళ్లు సూడాలె.”

లింబయ్య కూతురి నోటుబుక్కులోంచి ఒక కాగితం వచ్చింది. హన్మాండ్లు అరుగు మీద కూర్చుని పెన్ను తీశాడు. భూమవ్వ గొంతు సవరించుకుంది.

“హన్మాండ్లూ, తమ్మీ, టాంకి కడుగుడు నీ వంతు. మూడు నెలలాయె కడగక. నీళ్లల్ల పురుగులు వస్తున్నయ్. నీకు మోకాళ్ల నొప్పులని నాకెర్కనే. జర కడుగు. నిచ్చెన నేను వట్టుకుంట.”

ఇదీ ఆయన పరువు సంగతి. లింబయ్య భార్య లోపలినుంచి కిసుక్కున నవ్వింది. హన్మాండ్లు ఆ నవ్వును మింగి, అలవాటుగా ‘టు, ది’ అని మొదలుపెట్టాడు. వెంటనే కొట్టేశాడు. హన్మాండ్లు అని రాశాడు. తమ్మీ దగ్గర పెన్ను ఆగింది. యంగర్ బ్రదర్ అని రాస్తే రేషన్ కార్డులో చుట్టరికంలా ఉంది. తమ్మీ అనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. వంతు, టాంకి, పురుగులు, మోకాళ్లు, అన్నీ కుదిరాయి. మళ్లీ ఒకచోట ఆగింది.

“ఏమైంది?” అంది భూమవ్వ.

“జర. దీనికి ఇంగ్లీష్ లేదక్కా.”

“గంత పెద్ద భాషల జర లేదా?”

కొంచెం అని రాస్తే టాంకి కొంచెమే కడగమన్నట్టు అవుతుంది. కైండ్లీ అనే మాట ఆయన పెన్ను మొనదాకా వచ్చిందిగానీ, దాన్ని ఆమె పక్కన కూర్చుని మళ్లీ రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. మోటరు నోటు గురించి నవత ఫోన్‌లో అన్న మాట ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. జర పొలైట్‌గ అంది ఆ పిల్ల. తాను పొలైట్‌ను పట్టుకుని జరను వదిలేశాడు. అదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాడు, జర అని.

ఆఖరి వాక్యం మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఐ విల్ హోల్డ్ ద లాడర్. రాశాక ఆయన దాన్ని మళ్లీ చదువుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల కాగితాలు రాశాడో, ఏ ఒక్కదాంట్లోనూ నేను పట్టుకుంటాను అన్న మాట రాయలేదు. చదువురాని మనిషి చెప్పిందే ఆయన రాసిన ఇంగ్లీషులోకెల్లా మంచి ఇంగ్లీషు. కింద తేదీ వేశాడు. చెయ్యి తనంతట తాను గీత కోసం జరిగింది.

“గీతలొద్దు,” అంది భూమవ్వ. “గాడ నా పేరు రాయి.”

రాశాడు. ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“గింత పొడుగున్నదా నా పేరు?”

“ఇంగ్లీష్‌ల పొడుగైతది అక్కా.”

ఆమె తృప్తిగా తలూపింది. మొన్నటి నోటీసును చించి పొయ్యిలో వెయ్యమని లింబయ్య భార్యకు ఇచ్చింది. పాత కాగితాన్ని మాత్రం హన్మాండ్లు చెయ్యి చాపినా ఇవ్వలేదు. అది తన పెనిమిటి పేరున్న కాగితమని, ఉండనిమ్మని, మళ్లీ కవరులో పెట్టుకుంది. సాయంత్రం బస్సులో చాట ఆమె ఒళ్లో, కాశయ్య ఫోటో ఆయన ఒళ్లో ప్రయాణం చేశాయి.

శుక్రవారం పొద్దున హన్మాండ్లు తన నోటీసు తన తలుపుకు తానే అంటించాడు. ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చి చూశారు. జిన్సీ గట్టిగా చదివి, అందరికంటే ఎక్కువగా నవ్వి, జర అంటే ఏంటని అడిగింది. గంగామణి ఎంత చెప్పినా ఆ పిల్లకు అందలేదు. చివరికి, “నేను నీ మనిషినే, అని ముందు చెప్పి తర్వాత పని చెప్పుడు” అని చెప్పింది. జిన్సీ ఏదో ఆలోచించుకుంటూ పైకి పోయింది. సాయంత్రానికి మోటరు గోడ మీద ఐదు కైండ్లీల కాగితం లేదు. దాని చోట ఆమె రాసిన చిన్న చీటీ ఉంది. సంధ్యా తాయీ, జర మోటర్. ఐ విల్ ఆల్సో వాచ్. తాయీ అంటే మరాఠీలో అక్క. ఆ మరాఠీ ఇల్లాలి పేరు సంధ్య అని హన్మాండ్లుకు అది చదివాకే తెలిసింది. ఆయన తడిగుడ్డ తెచ్చి ఎనిమిది తలుపుల మీది సుద్ద నంబర్లనూ తుడిచేశాడు.

ఆదివారం గది చూడటానికి ఎవరూ రాలేదు, నవత శుక్రవారమే వాళ్లకు చెప్పేసింది. ఆమె మాత్రం వచ్చింది. గేటులో కాలు పెట్టేముందు చెప్పు వైపు చూసుకుంది. మోరి గలగలా పారుతోంది. పొద్దున్నే భూమవ్వ కట్టె పెట్టి ఆకుముక్కలన్నీ లాగి కుప్పవేసింది, ఎవరూ చెప్పకుండానే.

మిద్దె మీద హన్మాండ్లు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి టాంకిలో తల దూర్చాడు. మోకాళ్లు నొచ్చాయి. మూడు నెలల నాచు ఆయన చేతికి జిగురుగా తగిలింది. సిగ్గుపడుతూనే గీకాడు. మెట్టు కదిలినట్టయి కిందకు చూశాడు. భూమవ్వ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, కాలు అడ్డం పెట్టి, తల పైకెత్తి చూస్తోంది. ఎర్రదారం మళ్లీ ఆమె నడుముకే ఉంది.

“జర పైలం తమ్మీ,” అంది.

“పైలమే అక్కా,” అని హన్మాండ్లు మళ్లీ టాంకిలోకి వంగాడు.